రెండేళ్ల చదువు.. రాబడెంత? బాకీ ఎంత?

అమెరికా కమ్యూనిటీ కళాశాలల 'లిబరల్ ఆర్ట్స్' పట్టాకు కొత్త కొలబద్ద

అమెరికాలో స్థిరపడిన కొడుకో కూతురో ఫోన్ చేసి, పిల్లవాడిని ఈ ఏడాది కమ్యూనిటీ కళాశాలలో చేర్పించామని చెబితే ఇక్కడి తాతయ్యలకు, నాయనమ్మలకు ముందుగా కలిగేది అయోమయమే. మన వాడుకలో 'కమ్యూనిటీ' అంటే కులం. దరఖాస్తు ఫారంలో నింపే ఒక గడి. అది ఏ కులం వారి కళాశాల అని అమాయకంగా అడిగేవారూ లేకపోలేదు. నిజానికి కులంతో దానికి ఏ సంబంధమూ లేదు. స్థానిక పన్నులతో, రాష్ట్ర ప్రభుత్వ నిధులతో, విద్యార్థులు చెల్లించే స్వల్ప ఫీజుతో నడిచే రెండేళ్ల ప్రభుత్వ కళాశాల అది. షికాగోకు సమీపంలోని జోలియెట్ పట్టణంలో 1901లో ఇలాంటి మొదటి కళాశాల వెలసింది. రెండో ప్రపంచ యుద్ధానంతరం 1947లో అధ్యక్షుడు ట్రూమన్ నియమించిన ఉన్నత విద్యా సంఘం వీటిని దేశమంతటా విస్తరింపజేయాలని సిఫార్సు చేసింది. నేడు ఇవి సుమారు వెయ్యి ఉన్నాయి. ప్రవేశ పరీక్ష ఉండదు. ఉన్నత పాఠశాల పూర్తిచేసిన వారెవరైనా చేరవచ్చు.

ఈ కళాశాలల్లో ఎక్కువమంది తీసుకునే పట్టా ఏదంటే నర్సింగ్ కాదు, కంప్యూటర్ కాదు.. లిబరల్ ఆర్ట్స్. అంటే బొమ్మలు గీయడం కాదు. ఆంగ్ల రచన, చరిత్ర, గణితం, మనస్తత్వ శాస్త్రం, ఏదో ఒక విజ్ఞాన శాస్త్రం.. ఇలా అన్నిటినీ కొంచెం కొంచెం చదివించే సామాన్య విద్య. అమెరికాలో ఏటా ఇచ్చే రెండేళ్ల అసోసియేట్ పట్టాలు సుమారు పది లక్షలు కాగా, అందులో పదింటికి నాలుగు ఈ కోవలోవే. ఇంటర్‌లో ఆర్ట్స్ గ్రూపు అనగానే పెదవి విరిచే మన తల్లిదండ్రులకు ఈ సంఖ్య ఆశ్చర్యం కలిగించవచ్చు. అయితే అక్కడ కూడా ఇప్పుడు పెదవి విరుపు మొదలయింది. ఈ పట్టా పుచ్చుకున్నవాడు ఎంత సంపాదిస్తున్నాడు, దానికోసం ఎంత అప్పు చేశాడు అన్న ప్రశ్నను అమెరికా ప్రభుత్వమే చట్టంగా మార్చింది. 2025 జులై 4న అధ్యక్షుడు ట్రంప్ సంతకం చేసిన భారీ పన్నుల చట్టంలో ఉన్నత విద్యా రుణాలకు సంబంధించిన అధ్యాయం సారాంశమిదే.

ఫీజు తక్కువే.. ఖర్చు తక్కువ కాదు

ముందుగా ఖర్చు సంగతి. కాలేజ్ బోర్డు లెక్కల ప్రకారం 2024-25 విద్యా సంవత్సరంలో కమ్యూనిటీ కళాశాలలో స్థానిక విద్యార్థికి సగటు వార్షిక ఫీజు 4,050 డాలర్లు. అదే నాలుగేళ్ల ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో సొంత రాష్ట్రం వారికి 11,610 డాలర్లు, ప్రైవేటు విశ్వవిద్యాలయంలో 43,350 డాలర్లు. కాలిఫోర్నియాలోనైతే మరీ చౌక. అక్కడి 116 కళాశాలల్లో యూనిట్‌కు 46 డాలర్ల చొప్పున, పట్టాకు అవసరమైన 60 యూనిట్లకూ కలిపి 2,760 డాలర్లతో సరి. పేద విద్యార్థులకు కేంద్ర ప్రభుత్వమిచ్చే పెల్ గ్రాంటు గరిష్ఠంగా ఏడాదికి 7,395 డాలర్లు. అది తిరిగి చెల్లించనక్కరలేని సాయం. అంటే నిరుపేద విద్యార్థికి ఫీజు పోగా చేతిలో మూడు వేల డాలర్లకు పైగా మిగులుతుంది. టెన్నెసీ రాష్ట్రం 2014లో చేసిన చట్టంతో గ్రాంటు అందని వారికి సైతం ఆ ఫీజు భారం తప్పింది. మన ఫీజు రీయింబర్స్‌మెంటుకు కొంత దగ్గరి పోలిక ఉన్న ఏర్పాటు అది.

మరి అప్పు ఎందుకు చేస్తున్నారు? ఇంటి అద్దె, తిండి, కారు, బీమా. హాస్టల్ లేని కళాశాలలే ఎక్కువ. బస్సు సౌకర్యం లేని ఊళ్లు ఎక్కువ. అన్నీ కలుపుకొంటే కమ్యూనిటీ కళాశాల విద్యార్థికి ఏడాదికి 20 వేల డాలర్ల పైచిలుకు అవుతుందని కాలేజ్ బోర్డే అంచనా వేసింది. అందులో ఫీజు అయిదో వంతు మాత్రమే. దీనికి తోడు ఎవరి పద్దులోనూ రాయని ఖర్చు మరొకటి ఉంది. చదువు కోసం వదులుకున్న జీతం. ఉన్నత పాఠశాల చదువుతో ఆగిపోయి పూర్తికాలం పనిచేసే వ్యక్తి ఏడాదికి 48 వేల డాలర్ల వరకు తెచ్చుకుంటున్నాడు. తరగతుల కోసం పని గంటలను సగానికి తగ్గించుకున్న వ్యక్తి ఫీజుకు అయిదారు రెట్ల సొమ్మును చడీచప్పుడు లేకుండా పోగొట్టుకుంటున్నట్టే. ఉచిత విద్య అన్న మాట వినబడిన ప్రతిసారీ ఈ పద్దును గుర్తు చేసుకోవాలి.

సగటు చాటున దాగిన సంగతి

ఇక రాబడి. అమెరికా కార్మిక గణాంక సంస్థ 2024 లెక్కల ప్రకారం 25 ఏళ్లు దాటిన పూర్తికాల ఉద్యోగుల మధ్యస్థ వారపు వేతనం ఉన్నత పాఠశాల చదువుతో 930 డాలర్లు, అసోసియేట్ పట్టాతో 1,099 డాలర్లు, నాలుగేళ్ల డిగ్రీతో 1,543 డాలర్లు. కళాశాలలో చేరి ఏ పట్టా లేకుండా బయటపడిన వారికి 1,020 డాలర్లు. మధ్యస్థం అంటే జీతాలన్నిటినీ వరుసగా పేర్చితే సరిగ్గా నడుమ వచ్చే మొత్తం. ఈ అంకెలను పైపైన చూస్తే రెండేళ్ల పట్టాతో వారానికి 169 డాలర్లు, ఏడాదికి 8,800 డాలర్ల దాకా అదనంగా వస్తున్నట్టు కనిపిస్తుంది. నాలుగు వేల ఫీజుకు ఇది లాభసాటి బేరమే కదా అనిపిస్తుంది.

అనిపించడం వేరు, వాస్తవం వేరు. 1,099 అన్న అంకెలో రెండేళ్ల పట్టాలన్నీ కలిసి ఉన్నాయి. రెండేళ్ల నర్సింగ్ చదివిన వారున్నారు. ఎక్స్‌రే సాంకేతిక నిపుణులున్నారు. దంతవైద్యుల వద్ద పళ్లు శుభ్రపరిచే నిపుణులున్నారు. ఈ చివరి ఉద్యోగానికి మామూలుగా అవసరమయ్యేది అసోసియేట్ పట్టాయే. 2023 మే నాటికి వారి మధ్యస్థ వార్షిక వేతనం 87,530 డాలర్లు. నాలుగేళ్ల డిగ్రీ ఉన్న చాలామంది కంటే ఇది ఎక్కువ. ఇలాంటివారు ఆ అంకెను పైకి లాగుతుంటే, లిబరల్ ఆర్ట్స్ పట్టాదారు వారి నీడన నిలబడి తనకూ అంత వస్తుందని భ్రమపడుతున్నాడు. నర్సు పట్టాకు లైసెన్సు ఉంది, దానికో పరీక్ష ఉంది, ఆసుపత్రిలో దానికో కుర్చీ ఉంది. సామాన్య విద్య పట్టాకు అలాంటి కుర్చీ ఏదీ లేదు. దుకాణం యజమానికి గానీ గిడ్డంగి పర్యవేక్షకుడికి గానీ ఆ పట్టా చూపిస్తే ఒరిగేది స్వల్పమే.

అంతమాత్రాన అది పనికిరాని చదువు అనడం తొందరపాటు. అసలు ఆ చదువును రూపొందించింది ఉద్యోగం కోసం కాదు. నాలుగేళ్ల డిగ్రీలో మొదటి రెండేళ్ల పాఠాలను తక్కువ ఫీజుకు చెప్పి, మూడో ఏడాదికి విశ్వవిద్యాలయానికి పంపించడం కోసం. అది గమ్యం కాదు, వంతెన. వంతెన విలువను దాని మీద ఎంత దూరం నడిచామన్నదానితో కాక, అవతలి ఒడ్డు చేరామా లేదా అన్నదానితోనే కట్టాలి.

వంతెన మధ్యలో..

చిక్కంతా ఇక్కడే. కమ్యూనిటీ కళాశాలలో చేరేవారిలో నూటికి 80 మంది నాలుగేళ్ల డిగ్రీ తమ లక్ష్యమని చెబుతారు. 2024లో వెలువడిన జాతీయ స్థాయి అధ్యయనం ప్రకారం వారిలో విశ్వవిద్యాలయానికి మారేది మూడింట ఒక వంతు కంటే తక్కువ. మారిన వారిలోనూ దాదాపు సగం మంది ఆగిపోతున్నారు. చేరిన ఆరేళ్లలో నాలుగేళ్ల డిగ్రీ చేతికందేది మొత్తం మీద నూటికి 16 మందికి మాత్రమే. నూరు మంది బయలుదేరిన బస్సు నుంచి గమ్యంలో దిగేది పదహారు మంది.

మిగిలినవారు సోమరులని తీర్పు చెప్పడం సులువు. పిల్లల తల్లులు, రాత్రి పూట పనికి వెళ్లేవారు, ఇంటి భారం మోసేవారు ఈ కళాశాలల్లో ఎక్కువ. కారు మరమ్మతుకు వస్తే తరగతికి గైర్హాజరు తప్పదు. అయితే సగం తప్పు వ్యవస్థది. ఒక కళాశాలలో చదివిన పాఠాన్ని మరో విశ్వవిద్యాలయం లెక్కలోకి తీసుకోకపోవడం అక్కడ పాత జబ్బు. కళాశాల మారిన విద్యార్థులు సగటున 43 శాతం క్రెడిట్లను కోల్పోయారని అమెరికా పార్లమెంటుకు జవాబుదారీ అయిన తనిఖీ సంస్థ 2017లో నివేదించింది. అన్ని రకాల మార్పిడులనూ కలిపి వేసిన లెక్క ఇది. ప్రభుత్వ కళాశాలల మధ్య నష్టం ఇంతకన్నా తక్కువ. అయినా ఒక్క సెమిస్టరు పాఠాలు లెక్కకు రాకపోయినా విద్యార్థి రెండుసార్లు ఫీజు కట్టి ఒకే పాఠం చదవాల్సిందే. మన దగ్గర ఒక విశ్వవిద్యాలయం పరిధి నుంచి మరో పరిధికి మారబోయి, మైగ్రేషన్ పత్రం, సిలబస్ సమానత్వ పత్రం కోసం తిరిగి చెప్పులరిగిన వారికి ఈ బాధ వివరించనక్కరలేదు.

దీన్ని గుర్తించిన రాష్ట్రాలు కొన్ని ఉన్నాయి. ఫ్లోరిడాలో ప్రభుత్వ కళాశాలలన్నిటిలో పాఠాలకు ఒకే సంఖ్యా విధానం అమలులో ఉంది. కాలిఫోర్నియా 2010లో చేసిన చట్టంతో, బదిలీ కోసమే రూపొందించిన ప్రత్యేక అసోసియేట్ పట్టా పొందిన వారికి రాష్ట్ర విశ్వవిద్యాలయ వ్యవస్థలో మూడో ఏడాది సీటు ఖాయం. కోరుకున్న ప్రాంగణంలోనే అన్న హామీ మాత్రం లేదు. టెక్సాస్‌లో 42 గంటల ఉమ్మడి పాఠ్యాంశం పూర్తిచేస్తే మరో ప్రభుత్వ కళాశాల దాన్ని గంపగుత్తగా అంగీకరించాలి. డాలస్ సమీపంలోని ఫ్రిస్కో, ప్లేనో పట్టణాల తెలుగు కుటుంబాలు తమ పిల్లలను అక్కడి కమ్యూనిటీ కళాశాలకు పంపడానికి వెనుకాడకపోవడానికి ఈ నియమమూ ఒక కారణం కావచ్చు.

చిన్న అప్పు.. పెద్ద ముప్పు

కమ్యూనిటీ కళాశాల విద్యార్థుల్లో ఎక్కువమంది అసలు అప్పే చేయరు. చేసినవారి అప్పు కూడా వైద్య, న్యాయ విద్యార్థుల బాకీ పక్కన పెడితే పిసరంత. తల్లిదండ్రులపై ఆధారపడిన విద్యార్థికి ప్రభుత్వం నేరుగా ఇచ్చే రుణం మొదటి ఏడాది 5,500 డాలర్లు, రెండో ఏడాది 6,500 డాలర్లకు మించదు. 2025-26లో వడ్డీ 6.39 శాతం. రెండేళ్లలో గరిష్ఠంగా తీసుకున్న 12 వేల డాలర్లను పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 136 డాలర్లు. నాలుగేళ్ల డిగ్రీ దాకా వెళ్లి 27 వేలు తీసుకుంటే నెలకు 305 డాలర్లు. మొదటి ఏడాదికే చదువు మానేసిన వారి 5,500 డాలర్ల బాకీకి నెలకు 62 డాలర్లు.

ఈ మూడింటిలో ఏది ప్రమాదకరం? ఎవరైనా 305 అనే అంటారు. సరిగ్గా దానికి విరుద్ధం జరుగుతోంది. అధ్యక్షుడి ఆర్థిక సలహా మండలి 2016లో ఇచ్చిన నివేదిక ప్రకారం, చెల్లింపులు మొదలైన మూడేళ్లలో వాయిదాలు కట్టలేక చేతులెత్తేసిన ఖాతాల్లో దాదాపు మూడింట రెండు వంతులు 10 వేల డాలర్ల లోపు రుణాలవే. పెద్ద అప్పు చేసినవాడి చేతిలో పట్టా ఉంది, దానికి తగ్గ జీతం ఉంది. నెలకు 305 కట్టినా ఇల్లు గడుస్తుంది. 62 డాలర్ల వాడి చేతిలో ఏమీ లేదు. కళాశాలలో చేరక ముందు ఏ కౌంటరు దగ్గర నిలబడ్డాడో మళ్లీ అక్కడే నిలబడ్డాడు, కాకపోతే ఈసారి బాకీదారుగా. వాయిదాలు తప్పితే కోర్టు ఉత్తర్వు లేకుండానే జీతంలో 15 శాతం వరకు మినహాయించుకోవడానికి, పన్ను వాపసు సొమ్మును జమ చేసుకోవడానికి చట్టం ప్రభుత్వానికి అధికారమిచ్చింది. దివాలా దాఖలు చేసినా ఈ రుణం అంత తేలికగా మాఫీ కాదు. వంద ఎకరాల ఆసామి బ్యాంకు బాకీ కంటే కౌలు రైతు చేబదులు ఎందుకు గొంతుకు చుట్టుకుంటుందో తెలిసిన జిల్లాలకు ఇది కొత్త పాఠం కాదు.

కొత్త చట్టం కొలిచేది ఏమిటి?

2025 చట్టం పెట్టిన పరీక్ష వినడానికి సులభంగా ఉంటుంది. ఒక కోర్సు పూర్తిచేసిన వారి నాలుగేళ్ల తర్వాతి మధ్యస్థ సంపాదనను, అదే రాష్ట్రంలో కేవలం ఉన్నత పాఠశాల చదువుతో పనిచేస్తున్న 25-34 ఏళ్ల వారి మధ్యస్థ సంపాదనతో పోలుస్తారు. మూడేళ్లలో రెండుసార్లు తక్కువ తేలితే ఆ కోర్సుకు కేంద్ర ప్రభుత్వ రుణాలు నిలిచిపోతాయి. 2026 జులై 1 నుంచి అమలని చట్టం నిర్దేశించింది. ఈ తరహా ఆలోచన కొత్తది కాదు. ఒబామా ప్రభుత్వం 2014లో ప్రధానంగా ప్రైవేటు లాభాపేక్ష కళాశాలలపై ఆదాయ-రుణ పరీక్ష పెట్టింది. 2019లో ట్రంప్ తొలి ప్రభుత్వం దాన్ని రద్దు చేసింది. 2023లో బైడెన్ ప్రభుత్వం తిరిగి తెచ్చింది. ఇప్పుడు రద్దు చేసిన పక్షమే అంతకంటే విస్తృతమైన పరీక్షను స్వయంగా చట్టంలో పెట్టడం గమనార్హం.

పరీక్ష వెనుక ఉన్న న్యాయం కాదనలేనిది. పాఠశాల చదువు వాడికంటే తక్కువ సంపాదించే స్థితికి చేర్చే కోర్సుకు అప్పిచ్చి పంపడం విద్యార్థికి చేసే మేలు కాదు. అయితే లిబరల్ ఆర్ట్స్ విషయంలో ఈ తూకం గురి తప్పుతోంది. కారణాలు రెండు. ఒకటి, లెక్క కోర్సు పూర్తిచేసిన వారిది మాత్రమే. అప్పుతో మధ్యలో మానేసినవాడు, అంటే అసలు బాధితుడు, ఆ లెక్కలో ఎక్కడా కనిపించడు. కోర్సు ఉత్తీర్ణమైనా, చేరినవారిలో సగం మందిని దారిలో జారవిడుస్తూ ఉండవచ్చు. రెండు, ఆ సమయానికి ఇంకా ఎక్కడైనా చదువుతున్నవారిని లెక్క నుంచి తీసేస్తారు. వంతెన దాటి ముందుకు సాగుతున్నవాడు లెక్కలో లేడు, దాటకుండా పడిపోయినవాడూ లేడు. మిగిలింది నడుమ నిలిచిపోయినవాడు. అతడి జీతంతో వంతెనకు వెల కడుతున్నారు.

పోనీ ఆ కోర్సుకు రుణాలు ఆపితే జరిగేదేమిటి? అప్పు లేకుండా చదివేవారికి పెద్ద తేడా ఉండదు. అద్దె కట్టుకోవడానికి ఆ 5,500 డాలర్ల మీద ఆధారపడిన పేద విద్యార్థి క్రెడిట్ కార్డు వైపో, ప్రైవేటు రుణదాత వైపో తిరుగుతాడు. అదే చట్టం 8 నుంచి 15 వారాల లోపు వృత్తి శిక్షణలకు కూడా పెల్ గ్రాంటును వర్తింపజేసింది. వాటికి మాత్రం నూటికి 70 మంది పూర్తిచేయాలి, 70 మందికి ఉద్యోగం రావాలి అన్న షరతు ఉంది. పూర్తిచేసిన వారి శాతాన్ని స్వల్పకాలిక శిక్షణకు కొలవగలిగిన ప్రభుత్వం, రెండేళ్ల సామాన్య విద్యకు దాన్ని ఎందుకు కొలవలేదన్నది జవాబు రాని ప్రశ్న. విశ్వవిద్యాలయానికి మారిన వారి శాతం, పోగొట్టుకున్న క్రెడిట్లు అనే రెండు అంకెలను జీతం పక్కన చేర్చి ఉంటే ఈ పరీక్ష అర్థవంతంగా ఉండేది.

వీసా విద్యార్థికి వేరే లెక్క

ఈ గణితమంతా అమెరికా పౌరులకు, అక్కడ శాశ్వత నివాస హక్కు ఉన్నవారికి వర్తించేది. మన జిల్లాల నుంచి విద్యార్థి వీసాపై వెళ్లేవారికి పెల్ గ్రాంటు లేదు, కేంద్ర ప్రభుత్వ రుణం లేదు, స్థానిక ఫీజూ లేదు. 46 డాలర్ల యూనిట్‌కు కాలిఫోర్నియాలోనే బయటివారు అనేక రెట్లు చెల్లించాలి. మొదటి ఏడాది కళాశాల ప్రాంగణం వెలుపల పని నిషిద్ధం. లోపల కూడా సెమిస్టరు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలే. అప్పు ఉంటే అది ఇక్కడి బ్యాంకులో, ఇక్కడి ఇంటి కాగితాల మీద ఉంటుంది. రూపాయి బలహీనపడినప్పుడల్లా అక్కడి ఫీజు ఇక్కడ పెరుగుతుంది. తక్కువ ఫీజుతో అమెరికా చేరవచ్చని, రెండేళ్ల తర్వాత పెద్ద విశ్వవిద్యాలయానికి మారవచ్చని ప్రచారం చేసే కన్సల్టెన్సీలు ఈ భాగాన్ని చెప్పవు.

పట్టా పొందాక కూడా తేడా ఉంది. అసోసియేట్ పట్టాతో చదువుకు సంబంధించిన రంగంలో 12 నెలల పని అనుమతి దొరుకుతుంది. అన్నీ కొంచెం కొంచెం చదివినవాడికి ఏ ఉద్యోగం సంబంధమైనదో నిరూపించడమే కష్టం. ఇంజినీరింగ్, విజ్ఞాన శాస్త్రాల వారికి లభించే 24 నెలల పొడిగింపునకు కనీసం నాలుగేళ్ల డిగ్రీ ఉండాలి. హెచ్-1బీ వీసాకూ అంతే. కాబట్టి ఈ విద్యార్థి విషయంలో వంతెన దాటకపోతే తక్కువ జీతం కాదు, అసలు జీతమే ఉండదు. మిగిలేది తిరుగు విమానం టికెట్, ఇంటి మీద బాకీ.

అక్కడే పెరిగిన పిల్లల్లోనూ ఒక వర్గానిది ఇదే ఇబ్బంది. తల్లిదండ్రుల హెచ్-1బీ మీద ఆధారపడి హెచ్-4 వీసాతో ఉన్న పిల్లలు చిన్ననాటి నుంచి అమెరికా బడుల్లో చదివినా కేంద్ర ప్రభుత్వ సాయానికి అర్హులు కారు. 21 ఏళ్లు నిండగానే ఆ వీసా చెల్లదు. విద్యార్థి వీసాకు మారాలి. కొన్ని రాష్ట్రాలు వారికి స్థానిక ఫీజు వర్తింపజేస్తున్నాయి, కొన్ని లేదు. పద్దెనిమిదో ఏట కమ్యూనిటీ కళాశాలలో చేరిన బిడ్డకు మూడో ఏడాది విశ్వవిద్యాలయంలో అడుగుపెట్టే సమయమూ, ఆ పుట్టినరోజూ దాదాపు ఒకేసారి వస్తాయి. కాబట్టి ఆ ఇంట్లో ముందుగా తేల్చుకోవలసింది రెండేళ్ల ఫీజు ఎంతన్నది కాదు. ఏ విశ్వవిద్యాలయం ఏయే క్రెడిట్లను అంగీకరిస్తుందో తెలిపే ఒప్పంద పత్రం ఆ కళాశాల వద్ద ఉందా, ఆ రాష్ట్రంలో వీసా మారాక ఫీజు ఎంతవుతుంది అన్నది. ఆ రెండు కాగితాలూ ప్రవేశానికి ముందే కళాశాల సలహాదారు వద్ద అడిగి తీసుకోవచ్చు.